బొమ్మ కదలకూడదు

అచ్చు బొమ్మ చెక్కిన లినో పలక పగిలినప్పుడు పెద్ద చప్పుడేం కాలేదు. అగ్గిపుల్ల విరిగినంత, అంతే.

బాణం రెండు అరచేతులూ పలక మీద అలాగే ఉంచి కళ్ళు మూసుకుంది. చేతులు తీస్తే ఏం కనబడుతుందో ఆమెకు తెలుసు. తీయనంతసేపు ఏమీ జరగనట్టే. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చెయ్యడానికి తంటాలు పడుతున్నారు.

చేతులు తీసింది.

పై మూల నుంచి కింది అంచు దాకా పగులు. పలక నిలువునా రెండు ముక్కలైంది. వెనక అంటించిన గోనెగుడ్డ పీచులు మాత్రం రెంటినీ వదలకుండా పట్టుకున్నాయి.

ఆరోజు ఆదివారం. బుధవారం మధ్యాహ్నానికి ఒకే బొమ్మ ప్రింట్ల సెట్ ఆర్ట్ కాలేజీలో మేడమ్ బల్ల మీద ఉండాలి. సెట్ నెగ్గితే వచ్చే రెండేళ్ళూ అచ్చుల స్టూడియోలో చోటు. నెగ్గకపోతే పై అంతస్తులో ప్రకటనల విభాగం. అక్కడ కంప్యూటర్లున్నాయి, ఏసీ ఉంది, చదువు కాగానే ఉద్యోగమూ ఉంది. కాలేజీలో సగం మంది దానికోసం ఎగబడతారు. బాణం మాత్రం ఆ పేరు వింటేనే మొహం మాడ్చుకుంటుంది.

ఆమెకు బాణం అని ముద్దుపేరు పెట్టింది బావ, అక్క మొగుడు. "వదిలేదాకానే మన చేతిలో ఉంటుంది, ఆ తర్వాత ఎవడికి తగులుతుందో దేవుడికే తెలియాలి" అని వివరణ కూడా ఇచ్చాడు. తప్పేం కాదు. సంగీతం ఆర్నెల్లు, ఈత రెండు నెలలు, కుట్టుమిషను వారం. అన్నీ పరుగున మొదలుపెట్టడం, పరుగున వదిలెయ్యడం. బుద్ధి తెలిశాక ఆమె కాళ్ళు ఒకచోట నిలిచింది ఆ స్టూడియోలోనే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందేమోనని భయం.

ఇప్పుడు ఆ పలక రెండు ముక్కలు.

* * *

స్టూడియో కాలేజీ వెనక రేకుల షెడ్డులో ఉంది. చలికాలం ఉదయాల్లో అక్కడ నీళ్ళు ముట్టుకోవాలంటే ధైర్యం కావాలి. చలికి లినో బిస్కెట్‌లా బిగుసుకుపోతుంది. ఉలి దిగదు, దిగినా అంచులు పొడిపొడిగా రాలతాయి. దానికి అక్కడ సీనియర్ల కాలం నుంచీ ఒకటే వైద్యం. పలకను కుర్చీలో పెట్టుకుని దానిమీద కూర్చోవడం. ఒంటి వేడికి అది మెల్లగా మెత్తబడుతుంది.

మొదటిరోజు బాణం లోపలికి అడుగుపెట్టేసరికి క్లాసంతా చేతులు కట్టుకుని, పెదవి కదపకుండా కూర్చుని ఉంది.

"ఏంటిది, ధ్యానమా?" అని పక్కనున్న పొడుగాటి కుర్రాణ్ణి అడిగింది. అతన్ని అందరూ జిరాఫీ అంటారు.

"పొదుగుతున్నాం," అన్నాడు జిరాఫీ గంభీరంగా. "నువ్వూ నీ గుడ్డు తెచ్చుకో."

బాణం ఆరోజు పలక మీద కూర్చున్నది ఒక పాట పాడుకునేంతసేపు. ఆ తర్వాత లేచి చెక్కడం మొదలుపెట్టి, మొదటి గీతకే అంచు రాల్చుకుంది.

మేడమ్ తిట్టకుండా బీరువా తెరిచింది. ఆవిడ పద్ధతే అంత. పొట్టి మనిషి, ఏప్రన్ మీద లేని రంగు లేదు, గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. బీరువాలోంచి పాత ప్రింట్ల దొంతర ఒకటి తీసి, ఒక అంచున బిగించి పట్టుకుని, రెండో అంచును బొటనవేలితో టపటపా విడిచింది. చిన్నప్పుడు నోట్‌బుక్ మూలల్లో బొమ్మలు గీసి ఆడించేవాళ్ళం చూడండి, అలా. కాగితాలన్నీ ఒకదాని వెనక ఒకటి దొర్లాయి. అన్నిటిలోనూ ఒకే కెటిల్ బొమ్మ. కాగితాలు కదిలాయి గాని కెటిల్ ఉన్నచోటే ఉంది.

ఇంకో దొంతర తీసింది. ఈసారి కెటిల్ ఎక్కిళ్ళు వచ్చినట్టు ఎగిరెగిరి పడింది. క్లాసంతా గొల్లుమంది.

"మీ సెట్‌ని కూడా ఇలాగే చూస్తాను," అంది మేడమ్. "బొమ్మ కదలకూడదు. కనీసం ఆరు ప్రతులు, ఆరూ ఒక్కలాగే ఉండాలి. ఒకటి తేడా వస్తే మొత్తం వెనక్కి."

తర్వాత పని చెప్పింది. అన్ని రంగులకూ ఒకే పలక. తెల్లగా ఉండాల్సిన చోటు చెక్కేసి, మొదటి రంగు అన్ని కాగితాల మీదా అచ్చు వెయ్యాలి. ఆ రంగు నిలవాల్సిన చోటు కూడా చెక్కేసి, అవే కాగితాల మీద రెండో రంగు. మళ్ళీ చెక్కి, మూడోది. ప్రతిసారీ పలక తరిగిపోతుంది. చివరికి దానిమీద మిగిలేది చివరి రంగు ఒక్కటే.

"అంటే వెనక్కి పోలేమన్నమాట," అంది బాణం.

"పోలేవు. అందుకే నెమ్మదిగా ముందుకి పో," అంది మేడమ్. ఆ మాట క్లాసంతటికీ చెప్పినా, చూసింది మాత్రం బాణం వైపే.

* * *

బాణం ఎంచుకున్న బొమ్మ అక్క. అక్క ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ నుంచి రాగానే "ఒక్క నిమిషం" అని ముందుగదిలో చేతుల కుర్చీలో కూలబడుతుంది. ఆ నిమిషంలోనే నిద్రపోతుంది. తెల్ల యూనిఫాం, కాళ్ళకు బూట్లు అలాగే. మెడ ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది.

తెల్ల యూనిఫాం అంటే కాగితం రంగే. తర్వాత లేత బూడిద. ఆపైన గోధుమరంగు. ఆఖరున నలుపు: అక్క జుట్టు, బూట్లు, కుర్చీ వెనక చీకటి గది. రెండు రంగులు పడి ఆరిన కాగితాలు ఎనిమిది స్టూడియో తీగకు వేలాడుతున్నాయి. ఇక నలుపుకోసం చెక్కడమే మిగిలింది. ఆదివారం ఇంట్లో చెక్కుకుందామని పలకను సంచిలో వేసుకొచ్చింది.

ఇల్లు ఐసుపెట్టెలా ఉంది. పలక మీద కూర్చుంది. గడియారం చూసింది. మళ్ళీ చూసింది. అప్పుడు కంటబడింది అక్క ఇస్త్రీ పెట్టె.

వేడే కదా కావలసింది?

నిజం చెప్పాలంటే అద్భుతంగా పనిచేసింది. ఉలి వెన్నలో దిగినట్టు దిగింది. అక్క చెవి దగ్గర వెంట్రుకలు ఒక్కొక్కటే వచ్చాయి. బాణం ఈల వేసుకుంటూ మధ్యాహ్నానికల్లా చెక్కడం ముగించి, పలకను కిటికీ దగ్గర పెట్టి, కాళ్ళు చాపుకుని పడుకుంది.

లేచేసరికి పలక చల్లారి విల్లులా వంగిపోయి ఉంది. ఏముంది, నొక్కితే సరి అనుకుంది. నొక్కింది.

* * *

బావ సాయంత్రం వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పనిముట్ల సంచి గుమ్మంలో దించి, మరదలి మొహం చూశాడు.

"ఎవరు పోయారు?"

బాణం వేలితో చూపించింది. బావ వంగి చూశాడు.

"ఎలా పగిలింది?"

"దానంతటదే. చలికి."

"అలాగా." బావ గదిలో ఏదో మాడిన వాసన పీల్చి, ఇస్త్రీ పెట్టె వైపు ఒక చూపు, మరదలి వైపు ఒక చూపు విసిరాడు. "పోనీలే. ప్రకటనల్లో చేరు. ఏసీ కూడా ఉంటుందట. మా ఆఫీసులో అందరికీ చెప్పేశాను కూడా, మా మరదలు సబ్బుల బొమ్మలు వేస్తుందని."

"బావా!"

"సరే సరే, ఏడవకు. ఏం చేస్తే పని జరుగుతుంది?"

బాణం ముక్కు తుడుచుకుంది. ఇందాకటి నుంచీ ఆమె తల తిరుగుతున్నదే ఆ ప్రశ్న చుట్టూ. బొమ్మ చెక్కడం అయిపోయింది. ఒక్క రంగు, ఒక్కసారి అచ్చు వేస్తే చాలు. "రెండు ముక్కలూ సందు లేకుండా ఒక చెక్క మీద అతికించాలి. చెక్క సాపుగా ఉండాలి, వెంట్రుకవాసి వంగినా పనికిరాదు. పలక రెండు అంచులూ చెక్క అంచులతో సమంగా ఉండాలి. అచ్చు వేసే ప్రెస్ మీద మూల ఆకారంలో పట్టీ బిగించి ఉంటుంది, పలక అందులో కూర్చుంటేనే పాత రంగుల మీద కొత్త రంగు సరిగ్గా పడేది."

"లిఫ్టు లోపల గోడకి వేసే ప్లైవుడ్ ముక్కలు కింద బోలెడున్నాయి," అన్నాడు బావ. "అది వంగిందంటే లిఫ్టు తలుపే మూసుకోదు. ఉండు."

పావుగంటలో ముక్క కోసి, ఆకురాయితో అంచులు రుద్ది తెచ్చాడు. బాణం జిగురు రాసింది. ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి, చీమ కూడా దూరనంతగా దగ్గరికి నెట్టింది. పైన పాత పత్రిక, దానిమీద ఇంకో ప్లైవుడ్.

"ఇక బరువు పెట్టాలి," అంది.

"జిగురు డబ్బా మీద ఏం రాశారో చదువు. ఎంతసేపట?"

బాణం చదివింది. మొహం పాలిపోయింది. "రాత్రంతా."

బావ నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకున్నాడు. ఇంట్లో ఉన్న బరువులన్నీ వెతికారు. బియ్యం డబ్బా బల్లపరుపుగా నిలవలేదు. పనిముట్ల సంచి ఒక పక్కకే ఒరిగింది. అటూ ఇటూ సమంగా బరువు వేసే వస్తువు ఆ ఇంట్లో ఒకటే ఉంది. చేతుల కుర్చీలో చెక్కలు పెట్టి బాణం మెల్లగా దానిమీద కూర్చుంది.

"ఎన్ని పిల్లలు పెట్టబోతోంది మా కోడి?"

"కదిలించకు బావా. కదిలితే జారుతుంది."

"నువ్వు కదలకుండా కూర్చోవడమా! ఆగు, ఫోటో తీసి మీ అక్కకి పంపిస్తా, డ్యూటీ వదిలేసి వచ్చేస్తుంది."

ఫోటో అందకుండానే అక్క వచ్చింది. వస్తూనే రేపటి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటే ఒక పని అయిపోతుందని పెట్టె అందుకుంది. బాణానికి లేవడానికి లేదు, చెప్పడానికి నోరు రాదు.

"అక్కా, ముందు కాసిని టీ తాగు."

"అయ్యాక తాగుతా."

"అక్కా, రేపు చేసుకోవచ్చుగా."

"ఏంటే ఇవాళ ఇంత ప్రేమ కారిపోతోంది?" అంటూనే అక్క పెట్టెను తెల్లచొక్కా మీద ఆనించి లాగింది. వీపు మధ్యన జానెడు పొడుగు గోధుమరంగు చార పడింది. జిడ్డుగా.

బావ మెడ చాచి చూశాడు.

"నేరానికి వాడిన ఆయుధం దొరికింది," అన్నాడు బావ.

అక్క ఇస్త్రీ పెట్టె తిప్పి అడుగు చూసింది. దానికి అంటుకున్నది గోటితో గీరింది. వాసన చూసింది. అప్పుడు చెల్లెలి వైపు తిరిగింది. ఆ తర్వాత అయిదు నిమిషాలు ఆ ఇంట్లో ఒక్క గొంతే వినబడింది. బాణం పుట్టినప్పటి నుంచి నేటి వరకూ తగలేసినవన్నీ వరసగా బయటికొచ్చాయి, గొడుగులతో సహా. బాణం కూర్చునే వింది. లేచి పారిపోవడానికి కూడా లేదు కదా.

చివరికి అక్క రొప్పుతూ అంది: "అసలు పెద్దవాళ్ళు తిడుతుంటే కూర్చునే ఉంటావేం? లే ముందు!"

"లేవలేనక్కా. లేస్తే నా చదువు పోతుంది."

అప్పుడు చెప్పింది. ఇస్త్రీ సంగతి, పగులు సంగతి, బుధవారం సంగతి. ఎప్పుడూ ఎవరికీ చెప్పని ఇంకో సంగతి కూడా. "నాకు అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండాలనిపించట్లేదక్కా. కాగితం ఒక మూల పట్టుకుని పలక మీద నుంచి లేపుతాం చూడు, అప్పుడు ఊపిరి కూడా నెమ్మదిగా వస్తుంది నాకు."

అక్క పెట్టె కింద పెట్టింది. "ఎప్పణ్ణుంచి కూర్చున్నావు?"

"బావ వచ్చిన కాసేపటి నుంచి. కాలు తిమ్మిరెక్కింది."

"చిన్నగా పక్కకి జరుగు. బరువు తియ్యకు. నేను కూర్చుంటా, నువ్వు వెళ్ళి అన్నం తిను."

అలా ఒకరు జరుగుతుంటే ఒకరు సర్దుకుంటూ కుర్చీ చేతులు మారింది. "చొక్కా మరక పోయేదాకా గిన్నెలన్నీ నువ్వే తోమాలి," అంది అక్క. బాణం తల ఊపింది. పళ్ళెంలో అన్నం పెట్టుకుని తిరిగొచ్చేసరికి అక్క నిద్రపోయింది. తెల్ల యూనిఫాం, కాళ్ళకు బూట్లు, ఒక పక్కకి వాలిన మెడ. తన బొమ్మ మీద తనే కూర్చుని.

బావ నోటి మీద వేలు పెట్టుకుని లైటు తగ్గించాడు.

* * *

సోమవారం ఉదయం స్టూడియోలో బాణం పత్రికను కొంచెం కొంచెంగా ఒలిచింది. పలక అంటుకుంది. గట్టిగా, సాపుగా. పగులు సన్నని గీతలా కనిపించింది గాని, వేలితో రాస్తే తగల్లేదు.

జిరాఫీ చుట్టూ తిరిగి చూశాడు. "చెక్కతో మందం పెరిగింది. ప్రెస్ వదులు చెయ్యాలి, లేకపోతే పిండి పిండి అవుతుంది."

ఇద్దరూ కలిసి మరలు తిప్పారు. మొదటి కాగితం ఆ సర్దుబాటుకే బలైపోయింది, నలుపు సగమే పడింది. రెండోది పడింది. బాణం మూల పట్టుకుని మెల్లగా లేపింది.

చీకటి గది, వాలిన మెడ, జుట్టు, బూట్లు. అన్నీ ఉన్నాయి. వాటితోపాటు అక్క తల పక్కనుంచి నల్లటి చీకటిని చీలుస్తూ సన్నటి గోధుమరంగు గీత. పగులు మీద సిరా నిలవలేదు, కింది రంగు బయటపడింది.

బాణం మిగతావన్నీ అచ్చు తీసింది. ఏడు వచ్చాయి. తీగకు వరసగా వేలాడదీసింది. ఏడిట్లోనూ గీత.

"ఇంతోటి దానికి బాధెందుకు?" అన్నాడు జిరాఫీ మర్నాడు, సిరా కాస్త ఆరాక. "సన్న బ్రష్‌తో నలుపు దిద్దెయ్. మేడమ్ కాదు, మేడమ్ తాత కూడా కనిపెట్టలేడు."

దిద్దింది. గీత మాయమైంది. రెండడుగుల దూరం నుంచి చూస్తే అసలు పగిలిన పలక అని ఎవరూ అనుకోరు. బాణానికి ప్రాణం లేచొచ్చింది. రెండో కాగితం ముందుకు లాక్కుంది. బ్రష్ ముంచింది.

ముంచి, ఆగిపోయింది.

ఎందుకో దిద్దినదాన్నీ దిద్దనిదాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచు పట్టుకుని విడిచింది. గీత కన్ను గీటినట్టు వచ్చి పోయింది. అన్నీ దిద్దేస్తే పోదా? పోదు. చేత్తో ఆరుసార్లు దిద్దితే ఆరు రకాలుగా వస్తుంది. ఒకచోట లావు, ఒకచోట సన్నం, ఒకచోట కాస్త మెరుపు. ఆ చీకటి గది ఊపిరి తీసినట్టు కదులుతుంది.

పగులు మాత్రం కదలదు. అది పలకలోనే ఉంది.

"ఏమైంది?" అన్నాడు జిరాఫీ.

"బ్రష్ కడిగేస్తున్నా," అంది బాణం. దిద్దిన కాగితం తీసి సంచిలో పెట్టేసింది. మిగిలినవి సరిగ్గా ఆరు. ఇక ఒక్కటి కూడా పాడు కావడానికి వీల్లేదు.

* * *

బుధవారం మధ్యాహ్నం. మేడమ్ ఆరు కాగితాలూ సమంగా సర్ది, బల్ల అంచున బిగించి పట్టుకుంది. క్లాసంతా చుట్టూ మూగింది. బాణం ఒకడుగు వెనక్కి వేసింది.

బొటనవేలు కదిలింది.

కాగితాలు టపటపా దొర్లాయి. అక్క కదల్లేదు. చెవి దగ్గర వెంట్రుకలు కదల్లేదు. గీత కూడా గోడకు కొట్టిన మేకులా ఉన్నచోటే ఉంది.

మేడమ్ మళ్ళీ విడిచింది. మళ్ళీ. తర్వాత కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టింది.

"ఈ గీత ఏంటి?"

"పగులు మేడమ్."

"పలక కింద పడేశావా?"

"లేదండి. ఇస్త్రీ చేశాను."

ఎవరో కిసుక్కుమన్నారు.

"లినోని?"

"అవునండి."

"చొక్కాలాగా?"

"చొక్కా అయితే పగిలేది కాదండి," అంది బాణం. ఆ మాట నోరు జారిందే గాని అనాలని అన్నది కాదు. షెడ్డు రేకులు అదిరేలా నవ్వారంతా. మేడమ్ నవ్వలేదు.

"నిన్న తీగ మీద ఏడు చూశాను. ఏడోది ఎక్కడ?"

నవ్వులు ఆగిపోయాయి. బాణం సంచిలోంచి దిద్దిన కాగితం తీసి ఇచ్చింది. మేడమ్ దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. అందంగా ఉంది, అందులో అనుమానం లేదు. మిగతా ఆరింటికన్నా శుభ్రంగా కూడా ఉంది. ఆవిడ దాన్ని దొంతర మధ్యలో దూర్చి విడిచింది. గీత ఒక్క క్షణం ఆరిపోయి వెలిగింది. బయటికి లాగేసి మళ్ళీ విడిచింది. బొమ్మ నిలిచింది.

"దీన్ని ఎందుకు పెట్టలేదు?"

"కదులుతోందండి."

మేడమ్ ఏడోదాన్ని ఆమె చేతికి తిరిగిచ్చింది. "నలుపు ఎక్కువ పూశావు. కుర్చీ కాలు దగ్గర అంచు రాలింది. మార్కులు పెద్దగా రావు, ముందే చెప్తున్నా," అంటూ బోర్డు దగ్గరికి నడిచి, స్టూడియోలో ఉండబోయేవాళ్ళ పేర్లు సుద్దతో రాయడం మొదలుపెట్టింది. మొదటిది జిరాఫీది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. బోర్డు అడుగుకు వచ్చేసింది. సుద్దముక్క విరిగింది. ఆవిడ వంగి, విరిగిన ముక్కతోనే ఆఖరి పేరు రాసింది.

అది బాణం అసలు పేరు. చదవడానికి ఆమెకే ఒక క్షణం పట్టింది.

"ఆ ప్లైవుడ్ ఎక్కడిది?" అని అడిగింది మేడమ్, సుద్ద దులుపుకుంటూ.

"మా బావ ఇచ్చారండి. లిఫ్టుది."

"ఇంకో నాలుగు ముక్కలు తెమ్మను. మన చెక్కలన్నీ వంకరే."

* * *

ఆ సాయంత్రం బావ మట్టం చూసి మరీ మేకు కొట్టి, మేడమ్ తిరిగిచ్చిన ఆరిట్లో ఒకదాన్ని ముందుగది గోడకు తగిలించాడు. అక్క దాని దగ్గరికెళ్ళి చూసింది. దూరం నుంచి చూసింది.

"నిద్రపోతే నా నోరు ఇలా తెరుచుకుంటుందా?"

"తగ్గించి చెక్కానక్కా."

"చాల్లే." అక్క వేలితో గీత వెంబడే గాలిలో రాసింది. "తల పక్కనుంచి పోయింది. ఇంకాస్త ఇటు వచ్చుంటే నన్ను రెండు ముక్కలు చేసేదానివి." మళ్ళీ ఒకసారి చూసి అంది: "బూట్లు భలే వచ్చాయే."

బాణం సంచిలోంచి కొత్త లినో పలక తీసింది. చల్లగా, బిగుసుకుని, మీద ఒక్క గీత కూడా లేకుండా ఉంది. కుర్చీలో పెట్టి, దానిమీద కూర్చుని, చేతులు కట్టుకుంది.

బావ సుత్తి పక్కన పెట్టాడు. "మరదలా, ఇస్త్రీ పెట్టె ఇమ్మంటావా?"

"దాని జోలికి పోయారంటే ఇద్దరి చేతులూ విరగ్గొడతా!" అంది అక్క.

బాణం నవ్వింది. కదల్లేదు.